ఒక్క రూపాయి... ఎన్ని దేశాలు!

నాణేల సేకరణ అనగానే గుప్తుల బంగారు దీనారాలు, విజయనగర వరహాలు, మొగలాయీల మొహరీలు కళ్ళ ముందు మెదులుతాయి. అది సంపన్నుల వ్యాసంగమనీ, సామాన్యుడికి అందని మానిపండనీ చాలామంది అభిప్రాయం. ఈ అభిప్రాయం సరికాదని నిరూపించే పద్ధతి ఒకటి సేకర్తలలో చాలాకాలంగా ఉంది. ఒకే ఒక్క ముఖవిలువను ఎన్నుకుని, ఆ విలువ గల నాణేలను వీలైనన్ని దేశాల నుంచి కూర్చుకోవడమే ఆ పద్ధతి. పాశ్చాత్య దేశాలలో కొందరు ఒక సెంటును, మరికొందరు ఒక డాలరును ఇలా ఎన్నుకుంటారు. భారత ఉపఖండంలోని సేకర్తకు ఈ పద్ధతిలో ‘ఒక రూపాయి’ని మించినది మరొకటి దొరకదు.

రూపాయి ఒక్క భారతదేశపు సొత్తు కాదు. పాకిస్థాన్, శ్రీలంక, నేపాల్, మారిషస్, సీషెల్స్ దేశాల ద్రవ్యం పేరు కూడా నేటికీ రూపాయే. మాల్దీవుల ‘రుఫియా’, ఇండోనేషియా ‘రుపియా’ అదే మాట నుంచి పుట్టినవే. వీటికి తోడు చరిత్రలో కలిసిపోయిన రూపాయిలు ఎన్నో ఉన్నాయి. జర్మన్ తూర్పు ఆఫ్రికా, ఇటాలియన్ సోమాలీలాండ్, పోర్చుగీసు ఇండియా, అఫ్ఘానిస్థాన్, నైజాం ఏలుబడిలోని హైదరాబాద్ ఒక్కొక్కటి తనదైన రూపాయిని ముద్రించుకున్నవే.

వీటన్నిటినీ ఒక పళ్ళెంలో వరుసగా పేర్చి చూస్తే ఒక సత్యం బోధపడుతుంది. ఒకప్పుడు వీటిలో అనేకం ఒకే బరువు, దాదాపు ఒకే పాటి వెండి కలిగిన కవల నాణేలు. జాంజిబార్ నుంచి రంగూన్ వరకు ఒకదానికొకటి మారకంగా చెల్లినవి. నేడు వీటి మధ్య పేరు తప్ప మరే పొత్తూ మిగలలేదు. ఆ పొత్తు ఎప్పుడు, ఎందుకు చెదిరిందన్నదే ఈ ప్రాంతపు ఆర్థిక చరిత్ర. దానిని గ్రంథాలలోనే కాక, అరచేతిలో పట్టే నాణేలలోనూ చదువుకోవచ్చు.

తులం బరువే రూపాయి

ఢిల్లీ సింహాసనాన్ని 1540 నుంచి 1545 వరకు ఏలిన షేర్‌షా సూర్ సుమారు 178 గ్రెయిన్ల బరువు గల వెండి నాణెాన్ని ‘రూపియా’ పేరుతో స్థిరపరిచాడు. ‘రూప్య’ అనే సంస్కృత పదానికి వెండి అనే అర్థం ఉంది. అక్బరు మొదలుకొని మొగలు చక్రవర్తులందరూ ఆ ప్రమాణాన్నే కొనసాగించారు. మొగలు సామ్రాజ్యం క్షీణించాక ఎవరి టంకశాల వారిదే అయింది. ఆర్కాటు రూపాయి ఒకటి, సూరతు రూపాయి ఒకటి, బెంగాల్ సిక్కా రూపాయి మరొకటి. బరువులోనూ వెండి శుద్ధతలోనూ తేడాలు ఉండడంతో ఊరు దాటితే షరాబుకు వట్టం ఇచ్చుకుని డబ్బు మార్చుకోవలసి వచ్చేది.

మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న తెలుగు జిల్లాలలో అప్పటికి రాజ్యమేలుతున్నది రూపాయి కాదు, వరహా. ఈస్టిండియా కంపెనీ 1818లో మద్రాసు ప్రెసిడెన్సీలో వెండి రూపాయిని ప్రధాన నాణెంగా ప్రకటించి, వరహాకు మూడున్నర రూపాయల చొప్పున లెక్క కట్టింది. ఆ మద్రాసు రూపాయి బరువు 180 గ్రెయిన్లు. 1835లో కంపెనీ తన పాలనలోని భూభాగమంతటికీ ఒకే నాణెం ఉండాలని చట్టం చేసినప్పుడు ఈ మద్రాసు ప్రమాణాన్నే ఆదర్శంగా స్వీకరించడం విశేషం. బొమ్మ వైపు నాలుగవ విలియం శిరస్సు, బొరుసు వైపు విలువ, కంపెనీ పేరు. బరువు 11.66 గ్రాములు. 12 పాళ్ళలో 11 పాళ్ళు స్వచ్ఛమైన వెండి.

ఈ బరువే తులం. నాణెమూ తూకపురాయీ ఒకటే కావడంతో ‘రూపాయెత్తు’ అన్న మాట తెలుగు వంటిళ్ళలోనూ, ఆయుర్వేద వైద్యుల మందుల పొట్లాలలోనూ స్థిరపడింది. మూడు రూపాయెత్తులు పలం, 120 రూపాయెత్తులు వీశె. నేడు బంగారం దుకాణాలలో తులమంటే 10 గ్రాములన్న వాడుక ఏర్పడింది గానీ, అసలు తులం విక్టోరియా రాణి రూపాయి బరువే.

ఆ విక్టోరియా రూపాయిలలోనూ సేకర్తను తికమక పెట్టే విశేషం ఒకటి ఉంది. 1862 సంవత్సరం వేసిన నాణేలు ఆ ఒక్క సంవత్సరంలో ముద్రించినవి కావు. 1874లో కొత్త సంవత్సరం వేసే వరకు టంకశాలలు అదే అంకెను కొనసాగించాయి. ఈ కారణంగానే 1862 రూపాయి నేటికీ విస్తారంగా దొరుకుతుంది. ఇందుకు భిన్నమైన కథ 1911 నాటిది. అయిదవ జార్జి వస్త్రంపై చెక్కిన చిన్న ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తున్నదని ప్రజలలో, ముఖ్యంగా ముస్లింలలో అలజడి రేగింది. ప్రభుత్వం ఆ నాణేల విడుదలను నిలిపివేసి, మిగిలినవాటిని కరిగించి, మరుసటి ఏడాది ఏనుగు తొండం స్పష్టంగా కనిపించేటట్లు అచ్చు మార్చింది. సేకర్తల పరిభాషలో అది ‘పంది రూపాయి’.

నైజాం రాజ్యం మాత్రం తన రూపాయిని విడువలేదు. తెలంగాణ పల్లెలలో దానికి ‘హాలీ సిక్కా’ అని, బ్రిటిష్ ఇండియా రూపాయికి ‘కల్దారు’ అని పేరు. సుమారు ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారులకు సమానం. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో హాలీ రూపాయిపై చార్మినార్ వెలిసింది. ఆ చార్మినార్ ద్వారంలో ఒక చిన్న అక్షరం కనిపిస్తుంది. అది ‘మీమ్’ అయితే మహబూబ్ అలీఖాన్ నాటిది, ‘ఐన్’ అయితే ఉస్మాన్ అలీఖాన్ నాటిది. హైదరాబాద్ రాజ్యం 1948లో భారత్‌లో విలీనమైన తరువాత కూడా ఈ నాణేలు కొంతకాలం చెలామణిలో ఉండి, 1950 దశకంలో క్రమంగా నిష్క్రమించాయి.

సముద్రాలు దాటిన నాణెం

బ్రిటిష్ ఇండియా రూపాయికి బరువులోనూ శుద్ధతలోనూ మోసం లేదన్న పేరు రావడంతో అది వర్తకుల సంచులలో సముద్రాలు దాటింది. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ గవర్నరు 1800లో వెలువరించిన ప్రకటనలోనే నాటి రూపాయికి రెండున్నర షిల్లింగుల విలువ కట్టారు. కంపెనీ ఏకరూప నాణెం వచ్చాక దాని వ్యాప్తి మరింత పెరిగింది. సింగపూర్, పెనాంగ్‌లలో 1867 వరకు రూపాయి చట్టబద్ధమైన ద్రవ్యం. ఏడెన్, మస్కట్, జాంజిబార్, మొంబాసా రేవులలో దానికి ఎదురు లేదు.

ఈ ఆదరణ చూసి ఇతర పాలకులు కూడా తమ పేరుతో రూపాయిని ముద్రించక తప్పలేదు. ఇంపీరియల్ బ్రిటిష్ ఈస్ట్ ఆఫ్రికా కంపెనీ 1888లో మొంబాసా పేరుతో రూపాయిని తెచ్చింది. 1890 నుంచి జర్మన్ తూర్పు ఆఫ్రికాలో, అంటే నేటి టాంజానియా ప్రాంతంలో, శిరస్త్రాణం ధరించిన జర్మన్ చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్ బొమ్మతో ‘రూపీ’ వెలిసింది. ఇటలీ తన సోమాలీలాండ్ వలస రాజ్యానికి ‘రూపియా’ను ముద్రించి 1925 వరకు నడిపింది. పోర్చుగీసు గోవాలో 1881 నుంచి వచ్చిన ‘రూపియా’ కూడా బ్రిటిష్ రూపాయి ప్రమాణానికి సరిపోయినదే. నాలుగు సామ్రాజ్యాల రాజుల తలలు మారినా బరువు మాత్రం అదే 11.66 గ్రాములు. కత్తులు దూసుకున్న ఐరోపా రాజ్యాలు ఈ ఒక్క విషయంలో భారతీయ తులానికి తలవంచాయన్నమాట.

టిబెట్ సరిహద్దులోనూ ఇదే జరిగింది. విక్టోరియా రూపాయి హిమాలయ కనుమల గుండా తూర్పు టిబెట్ సంతలలోకి పాకిపోవడాన్ని చైనా అధికారులు సహించలేకపోయారు. సిచువాన్ రాష్ట్ర టంకశాలలో 1902 ప్రాంతం నుంచి అదే పరిమాణంలో, అదే పోలికతో రూపాయిని ముద్రించారు. రాణి స్థానంలో చక్రవర్తి గ్వాంగ్షూ తల పెట్టారు. చైనా చక్రవర్తి ముఖం గల నాణెం అత్యంత అరుదైన విషయం. ఆ గౌరవం రూపాయికి దక్కింది.

ఈ వైభవానికి తొలి దెబ్బ మొదటి ప్రపంచ యుద్ధం అనంతరం తగిలింది. యుద్ధకాలంలో వెండి ధర విపరీతంగా పెరగడంతో పౌండుతో పోలిస్తే రూపాయి విలువ కూడా ఎగబాకింది. తూర్పు ఆఫ్రికాలో పౌండ్లలో అప్పులు తెచ్చుకుని, పౌండ్లలో పంట అమ్ముకుని, రూపాయిలలో కూలి చెల్లించే తెల్ల భూస్వాములు ఆందోళనకు దిగారు. బ్రిటిష్ ప్రభుత్వం 1920లో అక్కడ రూపాయిని తొలగించి రెండు షిల్లింగుల ఫ్లోరిన్‌ను, మరికొద్ది కాలానికే షిల్లింగును ప్రవేశపెట్టింది. అఫ్ఘానిస్థాన్ 1925లో రూపాయి స్థానంలో అఫ్ఘానీని తెచ్చింది. జాంజిబార్ 1935 చివరలో షిల్లింగు వైపు మళ్ళింది.

తెలుగువారికి మరింత దగ్గరి ఉదాహరణ బర్మా. కోస్తా జిల్లాల నుంచి, ముఖ్యంగా విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుంచి వేలాది మంది కూలీలు రంగూన్ రేవులోనూ, ధాన్యపు మిల్లులలోనూ శ్రమించి ఇళ్ళకు పంపినది ఈ రూపాయినే. అక్కడా ఇక్కడా చెల్లేది ఒకే నాణెం కనుక మారకపు బెడద ఉండేది కాదు. బర్మా 1937లో భారతదేశం నుంచి పరిపాలనాపరంగా విడిపోయినా రూపాయిని విడువలేదు. స్వాతంత్ర్యానంతరం 1952లో రూపాయికి సమాన విలువతో ‘క్యాట్’ వచ్చింది.

విడిపోయిన దాయాదులు

దేశ విభజన జరిగిన రోజున భారత్, పాకిస్థాన్‌ల ద్రవ్యం ఒక్కటే. 1948 జూన్ వరకు పాకిస్థాన్‌కు కూడా భారత రిజర్వు బ్యాంకే కేంద్ర బ్యాంకుగా వ్యవహరించింది. 1947 సంవత్సరపు నికెల్ రూపాయిపై ఒకవైపు ఆరవ జార్జి, రెండవ వైపు నడుస్తున్న పులి. ఉమ్మడి భారతదేశపు చివరి రూపాయి అది. 1948లో నెలవంక, నక్షత్రాలతో పాకిస్థాన్ రూపాయి వెలువడింది. 1950 ఆగస్టు 15న సారనాథ్ సింహాలు, ధాన్యపు కంకులతో భారత గణతంత్ర రూపాయి వచ్చింది. రెండింటి లోహమూ నికెలే, పరిమాణమూ ఇంచుమించు ఒకటే.

ఆ రెంటి విలువ మాత్రం అప్పటికే విడిపోయింది. 1949 సెప్టెంబరులో బ్రిటన్ పౌండు విలువను తగ్గించగా భారత్, సిలోన్ అదే బాట పట్టాయి. పాకిస్థాన్ ససేమిరా అన్నది. ఫలితంగా 100 పాకిస్థాన్ రూపాయలకు 144 భారత రూపాయలు చెల్లించవలసిన స్థితి ఏర్పడింది. ఈ రేటును భారత్ గుర్తించడానికి నిరాకరించడంతో రెండు దేశాల వాణిజ్యం స్తంభించిపోయింది. తూర్పు బెంగాల్ రైతు పండించిన జనుము అక్కడే నిలిచిపోయింది. దానిపైనే ఆధారపడిన కలకత్తా మిల్లులు ముడిసరుకు కోసం అల్లాడాయి. 1951లో ఒప్పందం కుదిరాక గాని ఈ ప్రతిష్టంభన వీడలేదు. 1955లో పాకిస్థాన్ కూడా విలువ తగ్గించుకోవడంతో రెండు రూపాయిలు తిరిగి సమానమయ్యాయి. 1966 జూన్ 6న భారత్ మరొకసారి విలువ తగ్గించడంతో ఆ సమానత్వం ముగిసింది.

ఆ జూన్ నిర్ణయం గల్ఫ్‌లోనూ ప్రకంపనలు సృష్టించింది. కువైట్, బహ్రెయిన్, ఖతార్, దుబాయి ప్రాంతాలలో అంతవరకు భారత రూపాయే చెల్లింది. గల్ఫ్ నుంచి దొంగ బంగారం భారత్‌కు, దాని మూల్యంగా రూపాయిలు అటు ప్రవహించడం, ఆ రూపాయిలకు రిజర్వు బ్యాంకు విదేశీ ద్రవ్యం చెల్లించవలసి రావడం పెద్ద తలనొప్పిగా పరిణమించింది. దీనిని అరికట్టేందుకు 1959లో వేరే రంగులో ప్రత్యేక గల్ఫ్ రూపాయి నోట్లు ముద్రించారు. కువైట్ 1961లో, బహ్రెయిన్ 1965లో సొంత దినార్లకు మారాయి. 1966లో విలువ తగ్గింపుతో ఖతార్, దుబాయిలు రూపాయికి స్వస్తి చెప్పాయి. ఒమన్ 1970 వరకు ఆగింది. నేడు లక్షలాది తెలుగు కుటుంబాలు దినార్లను, దిర్హాములను రూపాయిలలోకి మార్చుకుంటున్నాయి. రెండు తరాల కిందట ఆ మార్పిడి అవసరమే ఉండేది కాదన్న సంగతి చాలామందికి తెలియదు.

సింహళ ద్వీపం కథ వేరు. రూపాయిని 100 భాగాలు చేసి దశాంశ పద్ధతిని 1872లోనే అమలు చేసిన ఘనత ఆ ద్వీపానిది. మారిషస్ అనతికాలంలోనే దానిని అనుసరించింది. అణాలు, పైసలు, దమ్మిడీలతో కుస్తీ పట్టిన భారత్ 1957 ఏప్రిల్ 1న గాని నయా పైసలకు మారలేదు. పాకిస్థాన్ 1961లో మారింది. అయితే సొంత చిల్లర అంత ముందుగా తెచ్చుకున్న సిలోన్‌కు సొంత ఒక రూపాయి నాణెం మాత్రం 1957లో, బుద్ధ జయంతి 2,500 సంవత్సరాల ఉత్సవ సందర్భంగా తొలిసారి వచ్చింది. నేపాల్ రూపాయి 1993 నుంచి 100 భారత రూపాయలకు 160 చొప్పున ముడిపడి ఉంది. భూటాన్ 1974లో తెచ్చుకున్న ఙుల్ట్రమ్ భారత రూపాయితో సరిసమానం.

బంగ్లాదేశ్ టాకాను రూపాయిల పళ్ళెంలో చేర్చవచ్చునా అన్నది ఆసక్తికరమైన ప్రశ్న. పేరును బట్టి చూస్తే చేర్చరాదు. భారత కరెన్సీ నోటుపై బెంగాలీ పంక్తిని చదివితే అక్కడ రూపాయికి ‘టాకా’ అనే ఉంటుంది! భాష దృష్ట్యా టాకా కూడా రూపాయే. ఇటువంటి తగవులను ఎవరికి వారే తీర్చుకోవడంలో ఈ వ్యాసంగపు ఆనందం ఉంది.

లోహం చెప్పే కథ

దేశాల వారీగా కాక, కాలక్రమంలో పేర్చితే రూపాయి మరొక కథ చెబుతుంది. 1870 దశకం నుంచి ప్రపంచ విపణిలో వెండి ధర పతనమవుతూ రావడంతో 1893లో భారత ప్రభుత్వం టంకశాలలలో ప్రజలు వెండి ఇచ్చి నాణేలు కొట్టించుకునే హక్కును రద్దు చేసింది. అప్పటి నుంచి రూపాయి విలువ అందులోని వెండిపై కాక, ప్రభుత్వ హామీపై నిలిచింది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి చాలక, 1918లో అమెరికా తన వెండి డాలర్లను కరిగించి భారత్‌కు అమ్మింది. ఆనాటి అయిదవ జార్జి రూపాయిలలో కొన్ని అంతకుముందు డాలర్లుగా ఉన్నవే కావచ్చు. అంతకు కొద్దికాలం ముందు, 1917 నవంబరు 30న తొలి ఒక రూపాయి నోటు విడుదలైంది. ఆ నోటుపై నాణెం బొమ్మను ముద్రించి మరీ ప్రజలకు నమ్మకం కలిగించవలసి వచ్చింది. వెనుక వైపు ఎనిమిది భారతీయ భాషలలో విలువ రాశారు, వాటిలో తెలుగు ఒకటి. రూపాయి నాణెంపై ఈ గౌరవం తెలుగుకు దక్కకపోయినా, ఏడవ ఎడ్వర్డ్ కాలంలో వచ్చిన అణా నాణెంపై ‘ఒక అణా’ అన్న తెలుగు అక్షరాలను నేటికీ చూడవచ్చు.

రెండవ ప్రపంచ యుద్ధం నడుమ 1940లో రూపాయిలో వెండి సగానికి తగ్గింది. 1947లో వెండి పూర్తిగా తొలగి నికెల్ వచ్చింది. 1975లో రాగి, నికెల్ మిశ్రమం, 1983లో బరువు 6 గ్రాములకు తగ్గింపు, 1992లో 4.85 గ్రాముల స్టెయిన్‌లెస్ స్టీలు, 2011లో 3.79 గ్రాములు, 2019 నుంచి 3.09 గ్రాములు. ఈ సోపానక్రమాన్ని వరుసగా పేర్చిన వారికి ద్రవ్యోల్బణం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. 2018లో సమాచార హక్కు చట్టం కింద వెలువడిన వివరాల ప్రకారం రూపాయి నాణెం ముద్రణకు అయిన వ్యయం 1 రూపాయి 11 పైసలు. పొరుగున పాకిస్థాన్‌లో ఈ క్రమం మరింత దూరం పోయింది. అక్కడి రూపాయి 1998లో కంచుకు, 2007లో అల్యూమినియానికి చేరింది.

ముఖవిలువ కన్నా లోహం విలువ మించితే ఏమవుతుందో 2007లో తెలిసివచ్చింది. భారత నాణేలను సరిహద్దు దాటించి, బంగ్లాదేశ్‌లో కరిగించి, క్షవరపు బ్లేడ్లు తయారు చేస్తున్నారన్న వార్తలు అప్పుడు కలకత్తా నుంచి వెలువడ్డాయి. చెలామణికి చిల్లర కరువై చిన్న వర్తకులు ఇక్కట్లు పడ్డారు.

నేటి మారకపు రేట్లు ఈ దాయాదుల ఎడబాటును అంకెలలో చెబుతాయి. 2024 చివరలో ఒక అమెరికా డాలరుకు సీషెల్స్ రూపాయలు సుమారు 14, మారిషస్ రూపాయలు 47, భారత రూపాయలు 85, నేపాల్ రూపాయలు 137, పాకిస్థాన్ రూపాయలు 278, శ్రీలంక రూపాయలు 292. తులం వెండితో సరిసమానంగా బయలుదేరిన ప్రయాణంలో ఎవరు ఎక్కడికి చేరారో దీనిని బట్టి ఊహించవచ్చు. శ్రీలంక 2022 సంక్షోభంలో డాలరుకు సుమారు 200గా ఉన్న రేటు కొద్ది వారాలలోనే 350 దాటింది. అక్కడ ఒక రూపాయి నాణెానికి కొనుగోలు శక్తి నామమాత్రమే.

పళ్ళెం పేర్చడం ఎలా?

ఈ సేకరణకు పెట్టుబడి కన్నా ఓపిక ముఖ్యం. తొలి మెట్టుగా ఇంట్లోని చిల్లర డబ్బాను వెదికితే చాలు. భారత రూపాయి అడుగున, సంవత్సరం కింద ఉండే చిన్న గుర్తు ఆ నాణెం పుట్టిన ఊరును తెలుపుతుంది. నక్షత్రం ఉంటే హైదరాబాద్, వజ్రాకారం ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. చిల్లర కొరత తీవ్రమైన 1985లో బ్రిటన్‌లోని లాంట్రిసాంట్ టంకశాలలోనూ, 1990 దశకం చివరలో మెక్సికో, స్లొవేకియా, దక్షిణాఫ్రికా టంకశాలలలోనూ భారత రూపాయిలు కొట్టించారు. ఆ గుర్తులను పోల్చుకోవడం ఒక సరదా. 1964లో నెహ్రూ స్మృత్యర్థం వచ్చిన తొలి స్మారక రూపాయి, 1990లో అంబేద్కర్ శతజయంతి రూపాయి కూడా అందుబాటు ధరలకే లభిస్తాయి.

రెండవ మెట్టు పొరుగు దేశాలు. నేపాల్ నాణేలపై సంవత్సరం విక్రమ శకంలో ఉంటుంది. 2064 అని కనిపిస్తే భవిష్యత్తు నుంచి ఊడిపడిందని భ్రమించనక్కరలేదు, అది 2007-08 నాటిది. హైదరాబాద్ నాణేలపై ఉండేది హిజ్రీ సంవత్సరం. మారిషస్ రూపాయిపై 1987 నుంచి ఆ దేశ తొలి ప్రధాని శివసాగర్ రాంగులాం ముఖం కనిపిస్తుంది. సీషెల్స్ 1977 నుంచి తన రూపాయిపై శంఖాన్ని చిత్రించింది. ఇండోనేషియా 1970లో ముద్రించిన అల్యూమినియం ఒక రుపియాపై పిట్ట బొమ్మ ఉంది. 2024 చివరలో డాలరుకు 16,000 రుపియాలకు పైగా చెల్లించిన ఆ దేశంలో ఒక రుపియా అన్నది వాడుకలోంచి ఏనాడో తప్పుకుంది. సేకర్త పళ్ళెంలో మాత్రం దానికి స్థానం పదిలం.

మూడవ మెట్టు వెండి నాణేలు. 1940కి పూర్వపు రూపాయిలో సుమారు 10.7 గ్రాముల స్వచ్ఛమైన వెండి ఉంటుంది. కనుక వెండి ధరను బట్టి దాని ధర మారుతుంది. ధర పెరిగిన ప్రతిసారీ ఎన్నో రూపాయిలు మూసలో కరిగిపోతాయి. ఆభరణంగా కుట్టుకుని ధరించిన నాణెానికి కొక్కెం అతికిన మచ్చ ఉంటుంది. అది సేకర్త దృష్టిలో లోపం. చింతపండుతోనో, పొడులతోనో తోమితే నాణెం మెరుస్తుంది కానీ దాని విలువ తరుగుతుంది. కాలం పూసిన నల్లని పొరను అలాగే ఉంచాలన్నది అనుభవజ్ఞుల హితవు.

మోసాలు, చట్టాలు

ఈ రంగంలో మోసాలకు కొదవ లేదు. ఫలానా గుర్తు ఉన్న పాత రూపాయికి లక్షలు ఇస్తామని ఆశ చూపి, ముందుగా రుసుములు, పన్నులు కట్టించుకుని పరారయ్యే ముఠాలు బయలుదేరాయి. రిజర్వు బ్యాంకు పేరును కూడా వీరు వాడుకుంటున్నందున 2021 ఆగస్టులో బ్యాంకు ప్రజలను హెచ్చరించింది. తాము ఇటువంటి క్రయవిక్రయాలు చేయబోమని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని స్పష్టం చేసింది. కోట్ల సంఖ్యలో ముద్రించిన నాణెానికి లక్షల ధర పలకడం అసంభవమన్న చిన్న తర్కం చాలు, ఈ వలలో పడకుండా ఉండడానికి.

నూరేళ్ళు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తాయి. వాటిని వ్యక్తులు దేశం దాటించరాదు. భూమిలో నిధి దొరికితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. 2011 నాణేల చట్టం ప్రకారం చెలామణిలోని నాణేలను కరిగించడం ఏడేళ్ళ వరకు జైలు శిక్షకు దారితీసే నేరం. అదే చట్టం ప్రకారం రూపాయి నాణేలను వెయ్యి రూపాయల మొత్తం వరకు చెల్లింపుగా ఇవ్వవచ్చు. అయినా చిన్న రూపాయి చెల్లదన్న వదంతి కొన్ని ప్రాంతాలలో పుట్టడం, దుకాణాలలో రూపాయి చిల్లరకు బదులు చాక్లెట్టు చేతిలో పెట్టడం తరచు చూస్తున్నదే.

పావలా, దాని కన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయాయి. ఆ రోజుకు ముందు పావలాను ఎవరూ పట్టించుకోలేదు. ఆ తరువాత వెదికిన వారికి అది సులభంగా దొరకలేదు. అతి సామాన్యమైన వస్తువులే ముందుగా మాయమవుతాయన్నది నాణేల చరిత్ర పదే పదే చెప్పిన పాఠం. షేర్‌షా కాలం నుంచి అనేక రాజ్యాలను, రెండు ప్రపంచ యుద్ధాలను, దేశ విభజనను దాటి వచ్చిన రూపాయి నాణెం నేడు చేతికి వచ్చీ రాకముందే డబ్బాలోకి, హుండీలోకి జారిపోతున్నది. ఫోను మీటతో చెల్లింపులు సాగే కాలంలో దాని అవసరం ఇంకా తగ్గవచ్చు. ఆరు దేశాల రూపాయిలను పక్కపక్కన పేర్చి పిల్లలకు చూపడానికి ఇదే అనువైన సమయం. ఆ పళ్ళెానికి అంగడిలో పెద్ద ధర పలకకపోవచ్చు. ఒకే సొమ్ము గల కుటుంబం ఎలా వేరుపడిందో చెప్పే సాక్ష్యాలుగా వాటికి విలువ కట్టడం ఏ షరాబు తరమూ కాదు.